పొద్దుగూకితే చెల్లని వరాలు: ఎడిత్ నెస్బిట్ రచనా విధానం

మాయలూ మంత్రాలూ ఉన్న పిల్లల కథల్ని మన అభ్యుదయ విమర్శ రెండు విధాలుగా వదిలించుకుంటూ వచ్చింది. అవి భావవాదపు అవశేషాలనీ, పిల్లల్ని వాస్తవ జీవితం నుంచి పక్కదారి పట్టిస్తాయనీ తీర్పు చెప్పడం ఒక విధం. పిల్లల ఊహాశక్తి పెరగడానికి అవీ ఉండాలిలే అని ఓ మెచ్చుకోలు మాట పడేసి ఊరుకోవడం రెండో విధం. మొదటివాళ్లు కథ చదవరు. రెండోవాళ్లు కథ రాసిన మనిషిని పట్టించుకోరు. అద్భుత కథ ఆకాశం నుంచి ఊడిపడదు. ఒక మనిషి, ఒక ఇంట్లో కూర్చుని, ఒక కాలంలో, కొన్ని అవసరాల ఒత్తిడి కింద రాస్తేనే అది పుడుతుంది. ఆ మనిషి ఎవరు, ఎవరి కోసం రాసింది, ఏ డబ్బుతో ఆ ఇల్లు గడిచింది అని అడిగి చూస్తే కథలో ఉన్న మాయ స్వభావమే మనకి వేరుగా కనిపించవచ్చు.

ఇంగ్లీషులో పిల్లల అద్భుత కథకి ఒక కొత్త రూపం ఇచ్చి నిలబెట్టిన ఎడిత్ నెస్బిట్ (1858-1924) గురించి ఈ ప్రశ్నలు అడగాలని నా ఉద్దేశం. రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి మాయని వెతుక్కుంటూ పోవడం పాత పద్ధతి. మామూలు మధ్యతరగతి ఇంట్లో, అల్లరి చేసి తిట్లు తినే మామూలు పిల్లల మధ్యకి మాయే నడిచి రావడం ఈమె పద్ధతి. ఈమెను ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఈమె సోషలిస్టు. 1884 జనవరి 4న లండన్‌లో ఫేబియన్ సొసైటీ ఏర్పడినప్పుడు ఆ సమావేశానికి అధ్యక్షత వహించినవాడు ఈమె భర్త హ్యూబర్ట్ బ్లాండ్. 1911 దాకా ఆ సంఘానికి కోశాధికారి కూడా అతనే. భార్యాభర్తలిద్దరూ వ్యవస్థాపక సభ్యులు. తరవాతి సంవత్సరం పుట్టిన కొడుక్కి ఫేబియన్ అని పేరు పెట్టుకున్నారు. ఇద్దరూ కలిసి రాసిన వాటికి ‘ఫేబియన్ బ్లాండ్’ అనే పేరే కలం పేరు. ఫేబియన్లు మార్క్సిస్టులు కారన్నది మన పాఠకులకి తెలిసిన సంగతే. విప్లవం అంటే వాళ్లకి గిట్టదు. చట్టసభల ద్వారా, కమిటీల ద్వారా, కరపత్రాల ద్వారా సోషలిజం మెల్లమెల్లగా దానంతటదే వస్తుందని నమ్మిన మధ్యతరగతి మేధావులు వాళ్లు. ఆ నమ్మకంలోని మంచీ చెడూ రెండూ ఈమె కథల్లోకి దిగాయి. అవి ఎలా దిగాయో చూడాలంటే ముందు ఆ ఇంటి జమాఖర్చుల్లోకి పోవాలి.

ఎడిత్ తండ్రి జాన్ కోలిస్ నెస్బిట్ వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు. లండన్‌లో ఒక వ్యవసాయ కళాశాల నడిపేవాడు. ఈమెకి నాలుగేళ్లయినా నిండకుండానే 1862లో పోయాడు. అక్కకి క్షయ. ఆమె ఆరోగ్యం కోసం తల్లి పిల్లల్ని వెంటేసుకుని ఫ్రాన్సులో ఊరూరూ తిరిగింది. కనక ఈమెకి స్థిరమైన ఇల్లూ లేదు, వరసగా సాగిన చదువూ లేదు. 1880లో బ్లాండ్‌ను పెళ్లి చేసుకునేనాటికి నిండు గర్భిణి. పెళ్లయిన కొద్దికాలానికే అతనికి మశూచికం సోకింది. అతని వ్యాపారంలో భాగస్వామి డబ్బు పట్టుకుని ఉడాయించాడు. సంసారం ఈమె మీద పడింది. పండగ శుభాకాంక్షల కార్డులకి రంగులు వేసింది, సభల్లో పద్యాలు చదివింది, పత్రికాఫీసుల మెట్లెక్కి కథలూ గేయాలూ అమ్మింది. ఆ రోజుల్లో రాసినవాటిలో దయ్యాల కథలున్నాయి, ప్రేమ కథలున్నాయి, చిన్న పిల్లల బొమ్మల పుస్తకాలకి కావలసిన నాలుగేసి పంక్తుల పద్యాలున్నాయి. తను కవయిత్రిగా నిలవాలని ఈమె కోరిక. 1886లో కవితా సంపుటి తెచ్చింది. 1908లో సోషలిస్టు గేయాల సంపుటిని ఫేబియన్ సొసైటీ వేసింది. ఆ కవిత్వం ఇవాళ ఎవరూ చదవడం లేదు. తిండి కోసం రాసిందే నిలబడింది.

పందొమ్మిదేళ్లు ఇలా కూలికి రాశాక, నలభై దాటిన వయసులో, 1899లో ‘ద స్టోరీ ఆఫ్ ద ట్రెజర్ సీకర్స్’ వచ్చింది. అందులో మాయ లేదు. తల్లి పోయి, తండ్రి వ్యాపారం చితికిపోయిన ఒక ఇంట్లో ఆరుగురు పిల్లలు ఇంటి పరువు నిలబెట్టడానికి డబ్బు సంపాదించే మార్గాలు వెతుకుతారు. వస్తువు డబ్బు! పిల్లల పుస్తకంలో పిల్లలు అప్పులవాళ్ల గురించి, తాకట్టు పెట్టిన వెండి సామాను గురించి ఆలోచించడం అప్పటికి చిన్న సంగతి కాదు. ఈ పుస్తకంతో ఆమె చేతికి డబ్బు వచ్చింది. అదే సంవత్సరం ఎల్తమ్‌లో వెల్ హాల్ అనే పాత ఇంటికి మారారు. చుట్టూ నీళ్ల కందకం ఉన్న పెద్ద ఇల్లు అది. పేరున్న అద్భుత కథలన్నీ ఆ ఇంట్లోనే రాసింది.

ఆమె రాసే పద్ధతి గురించి ఆమె స్నేహితులు చెప్పినవీ, 1933లో డోరిస్ లాంగ్లీ మూర్, 1987లో జూలియా బ్రిగ్స్ రాసిన జీవిత చరిత్రల్లో ఉన్నవీ కలిపి చూస్తే ఏకాంతంలో ధ్యానం చేసే కళాకారిణి ఎక్కడా కనిపించదు. గడువు మీదపడితేగాని కలం కదిలేది కాదు. కదిలాక ఆగేది కాదు. స్వయంగా చుట్టుకున్న సిగరెట్లు ఒకదాని వెంట ఒకటి కాలుతుండేవి. వారాంతాల్లో ఇంటి నిండా అతిథులు. బెర్నార్డ్ షా, హెచ్.జి. వెల్స్ మొదలుకొని ఊరూపేరూ లేని కుర్ర కవుల దాకా వచ్చేవాళ్లు. రాత ఆ సందడిని పక్కకి నెట్టుకుని సాగాలి, లేదా ఆ సందడి అణిగాక సాగాలి. పత్రికకి బొమ్మలు వేసే హెచ్.ఆర్. మిల్లర్‌కి ఆమె ప్రతి ఎప్పుడూ ఆఖరి రోజుల్లో అందేది. అతను హడావిడిగా బొమ్మలు గీయవలసి వచ్చేది. అయినా తన మనసులో ఉన్న ఆకారాలే అతని చేతి నుంచి వచ్చేవని ఆమె సంతోషపడేది. ఇవాళ ఆ కథల్లో కనిపించే ఇసుక దేవత రూపం సగం మిల్లర్ గీసిందే. బొమ్మలు వేసేవాడి పేరు కింద చిన్న అక్షరాల్లో అచ్చువేసి మరిచిపోయే అలవాటు ఉన్న మనం ఈ సంగతి గుర్తించాలి.

ఆ పత్రిక ‘స్ట్రాండ్ మేగజీన్’. షెర్లాక్ హోమ్స్ కథలు వేసిన పత్రికే. ‘బాస్కర్‌విల్’ ధారావాహిక ముగింపుకి వచ్చిన రోజుల్లోనే, 1902 ఏప్రిల్ నుంచి, నెస్బిట్ ‘సామియాడ్’ కథ అందులో మొదలైంది. అదే సంవత్సరం ‘ఫైవ్ చిల్డ్రన్ అండ్ ఇట్’ అనే పుస్తకమైంది. కెంట్ జిల్లాలో ఒక కంకర గోతిలో నలుగురు పిల్లలకి, వాళ్ల చంటి తమ్ముడికి, వేల ఏళ్ల వయసున్న ఒక జంతువు దొరుకుతుంది. కోతి చేతులు, నత్త కొమ్ముల చివర ఉన్నట్టు కళ్లు, సాలీడులా గుండ్రటి పొట్ట. అదే సామియాడ్. తడి తగిలితే దానికి ప్రాణాంతకం. మహా చిరాకు మనిషి. రోజుకి ఒక వరం ఇస్తుంది. పొద్దుగూకగానే ఆ వరం చెల్లదు.

ఈ షరతు దగ్గర కాసేపు ఆగాలి. దీన్ని మామూలుగా కథాచమత్కారం అని వదిలేస్తారు. కానీ నెలనెలా ఒక విడత పంపి డబ్బు తీసుకునే రచయిత్రికి ఏ నిర్మాణం కావాలో ఆలోచించండి. ప్రతి విడతలోనూ ఒక కొత్త కోరిక పుట్టాలి, అది ముదరాలి, చిక్కుల్లో పడాలి, విడత ముగిసేసరికి తెగిపోవాలి. వచ్చే నెలకి పాత వరం తాలూకు బరువు మిగలకూడదు. సూర్యాస్తమయం నియమం ఈ అవసరాలన్నీ తీరుస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైంది ఏమంటే, ఆ నియమం వల్ల మాయకి ఒక చట్టం వచ్చింది. అంతకు ముందు కథల్లో మాయ మాంత్రికుడి ఇష్టాన్ని బట్టి పని చేసేది. నెస్బిట్ కథలో మాయకి కారణం, కార్యం, హద్దు, లెక్క ఉన్నాయి. పిల్లలు ఆ చట్టాన్ని అనుభవంతో తెలుసుకోవాలి, తప్పు చేసి దిద్దుకోవాలి. దీన్ని భావవాదం అనడానికి నాకు నోరు రాదు. మాయ అబద్ధమే గాని ఆ కథ ఆలోచించే తీరు మాత్రం పూర్తిగా ఐహికమైనది.

వరాల పర్యవసానం చూడండి. అందంగా ఉండాలని కోరుకుంటే ఇంట్లో పనిమనుషులు గుర్తుపట్టరు, ఆ పూట అన్నం ఉండదు. లెక్కలేనంత బంగారం కావాలంటే గొయ్యి నిండా బంగారు గినీలు వస్తాయి. అయితే అవి చలామణీ పోయిన పాత నాణేలు. పిల్లలు జేబుల నిండా వేసుకుని ఊళ్లోకి పోతే ఏ దుకాణదారూ పుచ్చుకోడు. ఇంత బంగారం మీకెక్కడిదని చివరికి పోలీసుని పిలుస్తారు. బంగారానికి తనంతట తనకి విలువ లేదని, సమాజం ఒప్పుకుంటేనే అది డబ్బవుతుందని, ఆ డబ్బు ఎవరి దగ్గర ఉంటే అనుమానం రాదో ఎవరి దగ్గర ఉంటే వస్తుందో కూడా సమాజమే నిర్ణయిస్తుందని ఇంత తేలిగ్గా పదేళ్ల పిల్లవాడికి చెప్పిన అర్థశాస్త్రం నేను చదవలేదు. రెక్కలు అడిగిన రోజున చర్చి గోపురం మీద చిక్కుకుని, ఆకలికి తాళలేక పాదిరీగారి ఇంటి వంటసామాను గదిలోంచి తిండి ఎత్తుకొస్తూ, దాని ఖరీదు కింద డబ్బు పెట్టి వస్తారు. రెక్కలున్నా ఆకలి తప్పలేదు. పండగ కార్డులకి రంగులు వేసి కొలిమి రగిలించిన చెయ్యే ఇది రాయగలదు.

ఇదే పుస్తకం చివర సామియాడ్ పిల్లల్ని ఒక మాట అడుగుతుంది. నా సంగతి పెద్దవాళ్లకి చెప్పకండి, వాళ్లయితే తెలివితక్కువ కోరికలు కోరరు, నిజమైన కోరికలు కోరుతారు అంటుంది. ఆ కోరికల జాబితా కూడా ఇస్తుంది: ఆదాయం పెరిగినకొద్దీ హెచ్చే పన్ను, వృద్ధులకి పింఛను, మగవాళ్లందరికీ ఓటు, ఉచిత మాధ్యమిక విద్య. అవి దక్కించుకుని నిలబెట్టుకుంటారనీ, దాంతో లోకం తలకిందులైపోతుందనీ దాని భయం. ఫేబియన్ కరపత్రాలు చదివినవాడికి నవ్వు ఆగదు. ఎందుకంటే అది ఫేబియన్ల కోర్కెల పట్టికే! రచయిత్రి తన పార్టీ కార్యక్రమాన్ని తీసుకొచ్చి, దాన్ని విసుగు పుట్టించే వ్యవహారంగా కొట్టిపారేసే ఒక చిరాకు జంతువు నోట పెట్టింది. ఇది హాస్యం మాత్రమేనా? 1902లో ఈ నాలుగూ అద్భుతాల కిందే లెక్క. 1908లో పింఛను చట్టం వచ్చింది: డెబ్భై ఏళ్లు దాటిన పేదవాళ్లకి వారానికి 5 షిల్లింగులు. 1909 బడ్జెట్టులో పెద్ద ఆదాయాల మీద అదనపు పన్ను వేశారు. దాని మీద ప్రభువుల సభ చేసిన రగడ చరిత్ర పుస్తకాల్లో ఉంది. 1918లో మగవాళ్లందరికీ ఓటు వచ్చింది. ఉచిత మాధ్యమిక విద్యకి 1944 దాకా ఆగవలసి వచ్చింది. మొదటి మూడూ ఆమె బతికుండగానే వచ్చాయి, పొద్దుగూకినా చెల్లుబాటయ్యాయి. కథలో వరాలు ఎందుకు నిలవవో, నిలిచేవి ఎలాంటివో ఆమెకి స్పష్టంగా తెలుసు. ఉపన్యాసం చెయ్యకుండా తెలిసినదాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలుసు. మన బాలసాహిత్యంలో నీతి చెప్పాలనే తొందర ఉన్నవాళ్లు ఈ ఒక్క పేజీ చూస్తే చాలు.

ఇక ప్రేరణల సంగతి. ఆమె కథల్లో భయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమే చెప్పింది. 1896-97లో ‘గరల్స్ ఓన్ పేపర్’ అనే పత్రికలో చిన్ననాటి జ్ఞాపకాలు రాసింది. ఫ్రాన్సులో బోర్డో పట్నంలో ఒక చర్చి నేలమాళిగలో శవాలు ఎండి నిలిచిపోయి ఉన్నాయని విని, బ్రిటిష్ మ్యూజియంలో చూసినట్టు గాజు పెట్టెల్లో ఉంటాయనుకుని సరదాగా చూడబోయింది. తీరా చూస్తే గోడల చుట్టూ నిలబెట్టిన మనుషులు: ఎముకల మీద చర్మం బిగిసిపోయి, జుట్టు వేలాడుతూ. ఆ దృశ్యం తన బాల్యాన్ని పాడు చేసిందని ఆమె రాసుకుంది. ప్రాణం లేనిది నిలబడి మనిషిలా చూడటం అన్న ఈ భయం ముందు దయ్యాల కథలకి పెట్టుబడి అయింది. తరవాత 1907లో ‘ది ఎన్చాంటెడ్ కాజిల్’ నవలలో దాని అసలు రూపం వచ్చింది. పిల్లలు నాటకం వేస్తూ, ప్రేక్షకులు చాలలేదని చీపురుకర్రలకి, గొడుగులకి పాత కోట్లు తొడిగి, కాగితం ముఖాలు అతికించి కుర్చీల్లో కూర్చోబెడతారు. ఒక కోరికతో వాటికి ప్రాణం వస్తుంది. నోట్లో అంగిలి లేదు గనక మాట సరిగ్గా రాదు. అయినా మర్యాదగా, మంచి హోటలు ఎక్కడుందని అడుగుతాయి. వాటిలో ఒకటి నిజం మనిషిగా స్థిరపడి, లండన్ వ్యాపార వీధిలో ఆఫీసున్న ధనవంతుడైపోతుంది. లోపల ఏమీ లేదు, పైన మంచి కోటుంది, అందరూ నమస్కారం పెడతారు! బోర్డో నేలమాళిగలో పసిపిల్ల పడ్డ భయం నలభై ఏళ్లకి స్టాక్ ఎక్స్ఛేంజి మీద వ్యంగ్యం అయింది. వ్యక్తిగత అనుభవం సామాజికం కావడమంటే ఇదే.

పుస్తకాల నుంచి తీసుకున్నవి కూడా దాచిపెట్టే రకం కాదు ఆమె. చిరాకు పడే మాయాప్రాణి పిల్లలకి బుద్ధి చెప్పడం శ్రీమతి మోల్స్‌వర్త్ ‘ద కుక్కూ క్లాక్’ (1877)లో ఉంది. మాయ చేసే ఉపకారాలు మధ్యతరగతి జీవితంలో తలనొప్పులు కావడం ఎఫ్. ఆన్‌స్టీ ‘ద బ్రాస్ బాటిల్’ (1900)లో ఉంది. అదీ స్ట్రాండ్‌లోనే వచ్చింది. ఆమె చేసిన కొత్త పని ఈ రెంటినీ కలిపి, పిల్లల్ని గుంపుగా పెట్టడం. ఒక్క పిల్లవాడు నాయకుడు కాడు. నలుగురు పోట్లాడుకుంటూ, ఓట్లు వేసుకుంటూ నిర్ణయాలు తీసుకుంటారు. కమిటీ సమావేశాల్లో పండిన మనిషి కదా.

మనుషుల దగ్గర నుంచి కూడా అడిగి తీసుకునేది. ‘ట్రెజర్ సీకర్స్’ను అంకితం పుచ్చుకున్న ఆస్వాల్డ్ బారన్ చరిత్రా వంశవృక్షాలూ ఎరిగిన విలేఖరి, అతను లేకపోతే ఆ పుస్తకం లేదని అంకితంలోనే ఒప్పుకుంది. 1905-06లో స్ట్రాండ్‌లో వచ్చిన ‘ద స్టోరీ ఆఫ్ ది ఆమ్యులెట్’ కోసం బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు, అసీరియా విభాగాల అధిపతి వాలిస్ బడ్జ్ దగ్గరికి పోయి కూర్చుంది. తాయెత్తు మీద రాతలు, ప్రాచీన బాబిలోన్ సంగతులు ఆయన చెప్పాడు. పుస్తకం ఆయనకే అంకితం. పిల్లలు ఒక విరిగిన తాయెత్తు సగం పట్టుకుని రెండో సగం కోసం ఈజిప్టుకి, బాబిలోన్‌కి, అట్లాంటిస్‌కి, సీజరు కాలానికి పోతారు. పిల్లల అద్భుత కథలో కాలంలోకి ప్రయాణం ఈ స్థాయిలో రావడం ఇదే మొదలు. వెల్స్ ‘టైమ్ మెషీన్’ అప్పటికి పదేళ్ల పాతది. వెల్స్ ఆ ఇంటి అతిథే.

ఈ నవలలో బాబిలోన్ రాణి లండన్‌కి వచ్చే ఘట్టం ఆమె రాసినవాటన్నిట్లోకీ గొప్పదని నా అభిప్రాయం. బండిలో పోతూ తూర్పు లండన్ జనాన్ని చూసి రాణి మీ బానిసల్ని ఇంత దిక్కుమాలిన స్థితిలో పెట్టారేమిటి అంటుంది. వాళ్లు బానిసలు కారు, పనిచేసుకునే జనం అంటుంది జేన్. పనిచేసేవాళ్లే, అందుకే బానిసలంటున్నాను అంటుంది రాణి. తిండి సరిగా పెట్టకపోతే తిరగబడరా అని అడుగుతుంది. తిరగబడరు, వాళ్లకి ఓట్లున్నాయి అంటాడు సిరిల్. ఓటంటే ఏమిటి, ఏదైనా మంత్రమా? సిరిల్ సరిగా చెప్పలేడు. ఓహో, ఆట వస్తువన్నమాట అని తేల్చేస్తుంది రాణి. మూడేళ్ల కింద సామియాడ్ నోట అందరికీ ఓటు అనిపించిన రచయిత్రే ఇది రాసింది. ఫేబియన్ నమ్మకం మీద ఫేబియన్ ఇంట్లో పుట్టిన అనుమానం ఇది. ఏ కరపత్రంలోనూ ఆమె ఈ అనుమానం చెప్పలేకపోయేది. కథలో, అందునా పరదేశపు నియంత నోట, చెప్పగలిగింది. ఆ వెంటనే రాణి ఈ బానిసలందరి చేతుల్లోకీ కడుపునిండా ఇష్టమైన తిండి రావాలని కోరుతుంది, వస్తుంది.

అదే రాణి బ్రిటిష్ మ్యూజియంలో గాజు పెట్టెల్లో తన నగలూ సామాన్లూ చూసి, నావి నాకిమ్మంటుంది. అధికారులు పిచ్చిదనుకుంటారు. ఆమె కోరగానే పెట్టెలు పగిలి అవన్నీ గాలిలో తేలి బయటికి వస్తాయి. 1880 నుంచి అదే మ్యూజియంలో అమరావతి స్తూపపు శిల్పాలు ఉన్నాయని తెలిసిన తెలుగు పాఠకుడు ఈ పేజీని ఇంగ్లీషు పాఠకుడు చదివినట్టు చదవలేడు. నెస్బిట్‌కి అమరావతి తెలిసిన దాఖలా ఏమీ లేదు. మ్యూజియం అధికారి సాయంతో రాసి, ఆయనకే అంకితమిచ్చిన పుస్తకంలో మ్యూజియం సొత్తు ఎవరిదని అడిగించింది. అది చాలు.

భవిష్యత్తులోకి కూడా పోతారు పిల్లలు. అక్కడ లండన్ తోటల మధ్య శుభ్రంగా ఉంది, థేమ్స్ నీళ్లు తేటగా ఉన్నాయి. ఒక పిల్లవాడు ఏడుస్తున్నాడు. తప్పు చేసినందుకు వాణ్ని ఒక రోజు బడికి రావద్దన్నారట, అదే శిక్షట! బడి పంతుళ్లం మేం ఇది చదివి ఏమనుకోవాలో తెలీదు. మా దగ్గర ఆ శిక్ష వేస్తే పిల్లలు పండగ చేసుకుంటారు. వాడి పేరు వెల్స్. చీకటి యుగాల్లో బతికిన ఒక గొప్ప సంస్కర్త పేరు పెట్టారు. స్నేహితుడికి చేసిన ఈ నమస్కారం కొంచెం ఎక్కువయిందనిపిస్తుంది. పైగా అదే వెల్స్ ఒకటి రెండేళ్లలో ఫేబియన్ల మీద తిరగబడి, బ్లాండ్ కుటుంబంతో తెగతెంపులు చేసుకున్నాడు. ఈ ఘట్టంలో ఆదర్శ నగరం చల్లగా, బొమ్మలా ఉంటుంది. అక్కడికి ఎలా చేరారో ఒక్క ముక్క లేదు. రాణి తూర్పు లండన్‌లో అడిగిన ప్రశ్న ముందు ఈ జవాబు చాలా బలహీనం.

వెల్ హాల్ ఇంట్లో ఇంకో మనిషి ఉంది. ఆలిస్ హోట్సన్. ఫేబియన్ సొసైటీకి సహాయ కార్యదర్శిగా పనిచేసిన స్త్రీ, ఎడిత్ స్నేహితురాలు. బ్లాండ్ వల్ల ఆమెకి కలిగిన ఇద్దరు పిల్లల్ని, రోజమండ్‌నీ జాన్‌నీ, ఎడిత్ తన పిల్లలుగా పెంచింది. ‘ఫైవ్ చిల్డ్రన్’ అంకితం ఆ జాన్‌కే. కథలో అందరూ ఎత్తుకు తిరిగే చంటివాడు వాడే. జీవిత చరిత్రలు రాసినవాళ్లు, వాటి మీద సమీక్షలు రాసినవాళ్లు ఇంకా ఎక్కువగా, ఈ సంగతిని లొట్టలు వేసుకుంటూ చెబుతారు. నాకు ఇందులో ముఖ్యం వేరే. అతిథులు, పిల్లలు, నౌకర్లు ఉన్న ఆ ఇంటిని రోజూ నడిపించింది ఆలిస్. నెస్బిట్ కలానికి దొరికిన గంటలు ఆమె చేతి కష్టం నుంచి వచ్చినవే. వర్జీనియా వుల్ఫ్ 1929లో స్త్రీకి రాయడానికి గది కావాలంది. ఆ గది బయట పిల్లల్ని పట్టుకున్నవాళ్లెవరో కూడా లెక్కలోకి రావాలి. 1900 అక్టోబరులో పదిహేనేళ్ల ఫేబియన్ ఇంట్లోనే చేసిన చిన్న గొంతు ఆపరేషను తరవాత చనిపోయాడు. మరుసటి ఏడు వచ్చిన ‘ది వుడ్‌బి గుడ్స్’ వాడికి అంకితం. హాస్య పుస్తకం అది. గడువులు ఆగలేదు.

ఆమె అలవాట్లలో మరొకటి చెప్పాలి. పిల్లలతో కలిసి బల్లల మీద నగరాలు కట్టేది. చెక్క దిమ్మెలు, పుస్తకాలు, కొవ్వొత్తి స్టాండులు, గిన్నెలు, చదరంగం బంట్లు, ఇంట్లో ఏది దొరికితే అది. లండన్‌లో ఒలింపియా ప్రదర్శనశాలలో అలాంటి నగరం కట్టి చూపించింది కూడా. 1910లో ‘ద మేజిక్ సిటీ’ నవలలో తను కట్టిన నగరంలోకే ఒక పిల్లవాడు నడిచిపోతాడు. అక్కడ ఒక చట్టం ఉంది: ఏ వస్తువైనా కోరుకోవచ్చు, కానీ యంత్రాన్ని కోరుకున్నవాడు దాన్ని ఎల్లకాలం వాడుతూనే ఉండాలి. 1913లో ‘వింగ్స్ అండ్ ద చైల్డ్’ అనే పుస్తకంలో ఈ ఆటనే విద్యా సిద్ధాంతంగా రాసింది. ఉన్న వస్తువుల్ని వేరే విధంగా అమర్చి కొత్త లోకం చెయ్యడం ఆమె కథారచనకి కూడా సరిగ్గా సరిపోయే వర్ణన.

లోపాల దగ్గర మొహమాటం అక్కర్లేదు. ‘ద ఫీనిక్స్ అండ్ ద కార్పెట్’ (1904)లో వంటమనిషిని ఒక దీవిలో ‘అనాగరికులు’ రాణిని చేసుకుంటారు. ఆ దీవి మనుషుల చిత్రణ సామ్రాజ్యపు సగటు వేళాకోళాన్ని మించలేదు. ‘ఆమ్యులెట్’లో స్టాక్ ఎక్స్ఛేంజి దలాలీల మీద వ్యంగ్యం యూదుల మీద ఎగతాళిగా దిగజారింది. స్త్రీల ఓటు ఉద్యమాన్ని ఆమె బలపరచలేదు. భర్త బాహాటంగా వ్యతిరేకించాడు. ‘మేజిక్ సిటీ’లో ప్రతినాయిక ఆ ఉద్యమకారిణులకి వేసిన వెక్కిరింతే. తన సంపాదనతో ఇల్లు నిలబెట్టిన స్త్రీ ఇలా రాయడం విడ్డూరమే.

‘హార్డింగ్స్ లక్’ (1909) సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. డెట్‌ఫర్డ్ మురికివాడలో కుంటికాలి అనాథ డిక్కీ. ఆ పేటలో పేద పిల్లలకి ఏటా క్రిస్మస్ విందులు ఏర్పాటు చేసిన మనిషి గనక ఆ సందులు ఆమెకి బాగా తెలుసు. డిక్కీ మాయ వల్ల మొదటి జేమ్స్ రాజు కాలానికి పోతే అక్కడ కాలు బాగుంటుంది, ప్రభువుల బిడ్డ. అక్కడ చెక్కడం పని నేర్చుకుని, తిరిగి వచ్చి ఆ పనితో తననీ, తనని చేరదీసిన దేశదిమ్మరినీ పోషిస్తాడు. మాయ లోకం నుంచి తెచ్చుకున్నది బంగారం కాదు, చేతి పని! ఇంతవరకూ ఎంత గొప్ప ఊహ! కానీ చివరికి డిక్కీ నిజమైన ప్రభువు వారసుడని తేలుతుంది, వాడు ఆ హక్కు వదులుకుని గతంలోకే వెళ్లిపోతాడు. మురికివాడ అలాగే ఉంటుంది. పేదవాడు అసలు పేదవాడు కాదని చెప్పి కథ తప్పుకుంది. సామియాడ్ పట్టికకి కట్టుబడి ఉంటే ఈ ముగింపు వచ్చేది కాదు.

1914లో బ్లాండ్ పోయాడు. యుద్ధం వచ్చింది. పిల్లల కథలకి గిరాకీ తగ్గింది. 1915లో ప్రభుత్వం ఏడాదికి 60 పౌన్ల పింఛను ఇచ్చింది. అది చాలక వెల్ హాల్‌లో అద్దెకి మనుషుల్ని పెట్టుకుంది. తోటలో పూలూ కూరగాయలూ, కోడిగుడ్లూ అమ్మింది. 1917లో టామ్మీ టక్కర్ అనే మెరైన్ ఇంజనీరుని పెళ్లి చేసుకుంది. 1922లో ఇల్లు వదిలి కెంట్ సముద్రతీరంలో, సైనికులు వాడి వదిలేసిన రెండు పాకల్లో కాపురం పెట్టారు. 1924 మే 4న అక్కడే పోయింది.

ఆ తరవాత ఆమె పద్ధతిని చాలామంది తీసుకున్నారు. సి.ఎస్. లూయిస్ చిన్నప్పుడు ‘ఆమ్యులెట్’ చదివిన సంగతి తన ఆత్మకథలో రాశాడు. 1955లో వచ్చిన ‘ద మెజీషియన్స్ నెఫ్యూ’లో జాడిస్ అనే రాణి వేరే లోకం నుంచి లండన్‌కి వస్తుంది, గుర్రపు బండెక్కి వీధుల్లో హడలెత్తిస్తుంది, నగల దుకాణం దోస్తుంది, పోలీసులు వస్తారు. బాబిలోన్ రాణి చుట్టరికం తెలుస్తూనే ఉంది. అయితే ఈ రాణి దుర్మార్గురాలు గనక ఆమె చూపు నగల మీదే ఉంటుంది. ఆ వీధుల్లో నడిచే జనం ఏం తిన్నారని జాడిస్ ఎవర్నీ అడగదు.